దారిలో కలిసినవాళ్లంతా దేవుడి సూచనలేనా?

ప్రశ్న:

అక్కా, వందనాలు. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాకు 28 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ చేసి భీమవరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఒక మిషన్ సంస్థ ద్వారా ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఒక పల్లెటూరి ఆస్పత్రికి రెండేళ్ల పరిచర్యకు వెళ్లడానికి సిద్ధపడుతున్నాను. ఈ సిద్ధపాటులో ఎన్నడూ అనుకోనివాళ్లు కలుస్తున్నారు. రాజమండ్రిలో ప్రార్థన కూటానికి వెళ్తే అక్కడ ఇంజనీరింగ్ చదువుతున్న మలావీ అబ్బాయి పరిచయమయ్యాడు. ఇప్పుడు ఫోన్‌లో నాకు చిచేవా భాష నేర్పుతున్నాడు. నేను ఐసీయూలో చూసుకున్న ఒక పెద్దావిడ కొడుకు, రొయ్యల చెరువులున్న రాజుగారు, హిందువులు, నా ప్రయాణానికి లక్ష రూపాయలు ఇస్తానన్నారు. చాలా ఏళ్లుగా అమ్మతో మాటల్లేని మా పిన్ని, కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చినావిడ, నేను వెళ్తున్నానని తెలిసి తనంతట తానే మా ఇంటికి వచ్చింది. ఇవన్నీ దేవుడి నడిపింపుకి రుజువులని మా పాస్టర్‌గారు అంటున్నారు. నా కోసం ప్రార్థించేవాళ్లకి పంపే ప్రార్థనా లేఖలో ఇవి రాయమని సంస్థవాళ్లు అడుగుతున్నారు. రాజుగారి డబ్బు మాత్రం ముట్టుకోవద్దని సంఘపెద్దలు. అమ్మ పిన్నిని చూస్తే మొహం తిప్పుకుంటోంది. ఈలోగా ఆ మలావీ అబ్బాయి ఒక మాటన్నాడు: "సిస్టర్, మా దేశంలో చర్చిలకి లోటు లేదు. నర్సులకే లోటు." అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఇవన్నీ దేవుడిచ్చిన సూచనలా, నేనే అల్లుకుంటున్నానా? ఇంతమంది కలిశాక వెనక్కి తగ్గితే తప్పవుతుందా?

జవాబు:

చెల్లెమ్మా, నీ చివరి ప్రశ్నకే మొదట జవాబు చెప్పేస్తాను, ముందు నీకు నిద్ర పట్టాలి. వెనక్కి తగ్గడం తప్పు కాదు. వీసా వచ్చాక తగ్గినా, టికెట్ కొన్నాక తగ్గినా తప్పు కాదు. సాగనంపు కూడికలో మెడలో దండ పడ్డాక తగ్గడం కొంచెం కష్టం గానీ, అదీ తప్పు కాదు. వెళ్లాలో మానాలో అక్కడ నువ్వు చేయబోయే పనిని చూసి తేల్చుకో. దారిలో ఎంతమంది కలిశారన్న లెక్క చూసి కాదు.

నీ ఉత్తరంలో సగానికి పైగా పిన్ని గురించే ఉంది. పైన కుదించి వేశాను. జవాబులో మాత్రం అందులోని రెండు మూడు సంగతులు ఎత్తక తప్పదు.

మన సంఘాల్లో ఒక అలవాటు ఉంది. ఎవరైనా పరిచర్యకు బయల్దేరుతున్నారంటే చాలు, ఆ తర్వాత జరిగేదంతా రుజువుల ఖాతాలో జమ అయిపోతుంది. బస్సు టైముకొస్తే నడిపింపు, బస్సు తప్పిపోతే శోధన. మీ పాస్టర్‌గారి మనసు మంచిదే. దేవుడు మనుషుల్ని కలపడని నేనూ అనను. కానీ ఆ ముగ్గురిలో ఎవరూ నీ పిలుపుకి సాక్ష్యం చెప్పడానికి ఇల్లు కదల్లేదు కదా. ఇంటికి దూరంగా ఉన్న కుర్రాడు, తన భాష నేర్చుకుంటానన్న మనిషి ఈ రాజమండ్రిలో దొరికిందని సంబరపడి ఉంటాడు. తల్లిని కాపాడావని రాజుగారికి కృతజ్ఞత. పిన్నికేమో నీ వంకన అక్క గుమ్మం ఎక్కాలని ఉంది. ఎవరి కారణం వాళ్లది. వాళ్లని నీ కథలో పాత్రల్లా చూడటం మొదలుపెడితే ఆ కారణాలు నీ కంటికి ఆనవు. నీకు నిద్ర పట్టనిది కూడా అక్కడే అనుకుంటాను. ఆ మలావీ అబ్బాయి ఉన్నట్టుండి పాత్రలా కాకుండా మనిషిలా మాట్లాడాడు.

మీ నరసాపురం సంగతే ఒకటి చెబుతాను. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అని పళ్ల డాక్టరు ఉండేవాడు. బాగా సాగుతున్న ప్రాక్టీసు వదిలేసి 1829లో భార్యాబిడ్డలతో బాగ్దాదు వెళ్లాడు. 1831లో ఆ ఊరిని ప్లేగు ఒకవైపు, వరద ఒకవైపు కమ్ముకున్నాయి. ఆయన భార్య మేరీ ప్లేగుతోనే పోయింది. తర్వాత 1833లో, ఆ దారిన ఇండియాకి తిరిగొస్తున్న ఒక సైనిక ఇంజనీరుతో ఆయనకి పరిచయమైంది. ఆ ఇంజనీరు ఎవరో కాదు, మన కాటన్ దొర. ఆ పరిచయమే గ్రోవ్స్‌ని ఇండియాకి తెచ్చింది. ఇక్కడ తిరిగి చూసి, మనుషుల కోసం మళ్లీ ఇంగ్లండు వెళ్లి, 1836లో బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరిని భార్యలతో సహా వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లు మచిలీపట్నం మీదుగా నరసాపురం చేరారు. గోదావరి డెల్టా మిషన్ అని మనం చెప్పుకునేదానికి అదే మొదలు. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి లేదు. కాటన్ దాని పని మొదలుపెట్టింది 1847లో.

ఇవాళ వెనక్కి తిరిగి చూస్తే బాగ్దాదు నుంచి నరసాపురం దాకా దారి తిన్నగా కనిపిస్తుంది. సాక్ష్యం చెప్పుకోవడానికి భలే ఉంటుంది. ఆ రోజు గ్రోవ్స్ ముందున్నది మాత్రం ఒక సమాధి, ఒక బాటసారి. ఆయన గోదావరి ఒడ్డున కాపురం కూడా పెట్టలేదు. మద్రాసులోనూ, చిత్తూరులోనూ ఉండి, 1853లో ఇంగ్లండులో కన్నుమూశాడు. డెల్టాలో ఏ లాకుల దగ్గర చూసినా కాటన్ విగ్రహం ఉంటుంది. గ్రోవ్స్ పేరు మన సంఘాల్లోనే చాలామంది విని ఉండరు. ఎవరి పరిచయం ఎక్కడికి దారి తీసిందో తేల్చడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. నువ్వేమో పాస్‌పోర్టు మీద స్టాంపు పడకముందే తేల్చమంటున్నావు.

అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం ఇంకోసారి చదువు. ఆసియాలో వాక్యం చెప్పకుండా పౌలుకి ఆటంకమైంది. దర్శనంలో మాసిదోనియ దేశస్థుడు కనబడి పిలిచాడు. తీరా ఫిలిప్పీ చేరాక మొదట తలుపు తీసింది ఎవరు? లూదియ. దర్శనంలో కనిపించిన మగవాడు కాదు, ఒక వ్యాపారస్తురాలు, పైగా తుయతైర మనిషి. ఆ తుయతైర ఉన్నది పౌలుని వెళ్లొద్దన్న ఆసియాలోనే! ఆ అధ్యాయంలో పౌలు కూర్చుని ఈ లెక్క సరిపోయిందా లేదా అని ఆలోచించినట్టు ఒక్క ముక్క లేదు. ఆవిడ ఇంటికి రమ్మని బలవంతం చేస్తే వెళ్లాడు. అంతే.

సరే, నీ నిద్ర పాడుచేసిన అబ్బాయి దగ్గరికొద్దాం. అతను చెప్పింది నిజమే. మలావీ జనంలో ఎక్కువమంది క్రైస్తవులే. స్కాట్లండ్ మిషనరీలు అక్కడ లివింగ్‌స్టోనియా మిషన్ పెట్టింది 1875లో, బ్లాంటైర్ మిషన్ పెట్టింది 1876లో. మన కాకినాడకి కెనడా బాప్టిస్టులు వచ్చింది 1874లో. అంటే వాళ్ల సంఘాలూ మన సంఘాలూ ఇంచుమించు ఒక ఈడువే. చీకట్లో ఉన్న దేశానికి దీపం పట్టుకెళ్తున్నానని నీకెవరైనా చెప్పి ఉంటే, ఆ మాట ఇక్కడే దించేసి వెళ్లు. నర్సుల కొరత మాత్రం నిజం. అక్కడ చదువుకున్న నర్సులు జీతాల కోసం బ్రిటన్‌కి వెళ్లిపోవడం ఆ దేశానికి పెద్ద దెబ్బ. మన పిల్లలు వెళ్లట్లేదా, అలాగే. కాబట్టి నువ్వు వెళ్తే నర్సుగా వెళ్లు. అక్కడి ఆదివారం ఆరాధనలో వెనక బెంచీలో కూర్చుని వాళ్ల అయ్యగారి ప్రసంగం విను.

తమిళనాడు నుంచి మన దోర్నకల్‌కి పరిచర్యకు వచ్చి, 1912లో బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ఎదుట నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. ఆ రోజు అడిగినవాళ్లం మనం. ఇప్పుడు ఒక మలావీ కుర్రాడు, అంత గంభీరంగా కాకపోయినా, అదే అడుగుతుంటే మనకి నిద్ర పట్టట్లేదు.

అతని గురించి నాకు ఇంకో అనుమానం ఉంది. వారం వారం నీకు భాష నేర్పుతున్నాడు, బాగానే ఉంది. అతన్ని ఒక్కసారైనా ఇంటికి భోజనానికి పిలిచావా? మన ఊళ్లలో ఆఫ్రికా పిల్లల బతుకు ఎలా ఉంటుందో తెలియనిది కాదు. అద్దెకి గది దొరకదు. రోడ్డు మీద వెళ్తుంటే జనం ఆగి మరీ చూస్తారు, అడక్కుండా సెల్ఫీ తీసుకుంటారు. పరాయి దేశంలో ఒంటరిగా ఉండటం ఎలాగో నువ్వు రెండేళ్లు నేర్చుకోబోతున్నావు. అతను ఇప్పటికే నేర్చుకుంటున్నాడు, అదీ మన మధ్యలో. ఒక ఆదివారం నరసాపురం తీసుకెళ్లు. వాళ్లు రోజూ తినేది న్సిమా, మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికి చేసే ముద్ద. పక్కన ఆకుకూరో, చేపో ఉంటుంది. మలావీ సరస్సులో ఉసిపా అని చిన్న చేపలు పడతాయి, ఎండబెట్టి అమ్ముతారు. మన ఎండుచేపల వాసన అతన్ని ఇబ్బంది పెడుతుందని కంగారుపడకు, మీ అమ్మ చేతి పులుసు అతనికి ఇంటిని గుర్తుచేసినా చేయొచ్చు. చదువుకునే కుర్రాడు వారానికి కొన్ని గంటలు నీకిస్తున్నాడు, దానికి ఫీజు ఎంతో అడుగు. వద్దంటే బలవంతపెట్టకు, కానీ అడగడం మానకు.

ఇంకో మాట. అతను చెప్పినదాన్ని కొట్టిపారేయొద్దు, అలాగని మొత్తం దేశం తరఫున తీర్పుగానూ తీసుకోవద్దు. అమలాపురం కుర్రాడొకడు అమెరికాలో కూర్చుని ఆదిలాబాదు ఏజెన్సీ ఆస్పత్రుల గురించి చెబితే ఎంతవరకు నమ్ముతామో, ఇదీ అంతే. నువ్వు వెళ్లేది ఏ జిల్లా, అక్కడ ఏ భాష ఎక్కువ వినిపిస్తుంది, ఆ ఆస్పత్రి పేరు తనకి తెలుసా, ఇవి అడుగు. సరస్సు పక్క మంగోచి వైపయితే యావో తెగ ముస్లింలు ఎక్కువ. అక్కడ నీకు కావాల్సిన మర్యాదలు వేరు.

ఇప్పుడు పిన్ని. నీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది ఆవిడే.

నువ్వు రాసిన సంచి సంగతి పాఠకులకు చెప్పాలి. పిన్ని తన పాత హ్యాండ్‌బ్యాగు తెచ్చి, లోపలి గుడ్డ ఒక మూల విప్పి చూపించిందట. అందులో పాస్‌పోర్టు జిరాక్సు, ఒక కాగితం మీద మూడు ఫోన్ నంబర్లు, మడత పెట్టిన ఒక పది దీనార్ల నోటు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం మామూలే, ఫోనూ లాక్కున్నారంటే చేతిలో ఏమీ మిగలదు. ఉన్నన్నాళ్లూ ఆ కుట్టు విప్పే అవసరం ఆవిడకి రాలేదట. ఇప్పుడు నీ కొత్త బ్యాగుకీ అలాగే చేసింది. లేసు అల్లే మీ అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆ కుట్టు చూసి, "ఇదేం కుట్టు, రెండ్రోజుల్లో ఊడిపోద్ది" అని లాక్కుని, విప్పి, మళ్లీ కుట్టింది. పిన్నితో ఒక్క మాట మాట్లాడకుండా. ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అన్నట్టు, ఆ లేసు పని కూడా మిషనరీ దొరసానులు 19వ శతాబ్దంలో మీ ప్రాంతం ఆడవాళ్లకి నేర్పి వెళ్లిందే. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, అల్లే చేతులకి దక్కే కూలి సంగతి ఎత్తకుండా ఉంటే మంచిది.

అమ్మ కుట్టు విప్పింది గానీ నోరు విప్పలేదు. దాన్ని రాజీ అనుకుని నువ్వు తొందరపడొద్దు. పిన్ని కువైట్‌లో ఉన్నప్పుడు ఆవిడ కూతుర్ని పెంచింది మీ అమ్మ. పంపిన డబ్బు ఎంత, ఖర్చు ఎంత అన్న దగ్గర మాటలు తెగిపోయాయి. గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఊళ్లలో, రాజోలు నుంచి మొగల్తూరు దాకా, ఈ తగువు లేని వీధి ఉండదు. ఒకామె ఎండలో ఒళ్లు హూనం చేసుకుని పంపానంటుంది, ఇంకొకామె పరాయిపిల్లని కన్నబిడ్డలా చూశానంటుంది. ఇద్దరిదీ నిజమే, ఆ లెక్క మాత్రం ఎప్పటికీ తెగదు. "నేను వెళ్లేలోపు మీరిద్దరూ కలిసిపోవాలి" అని నువ్వు పట్టుబడితే నీ మిషన్ వాళ్లిద్దరి నెత్తిన బరువవుతుంది. నువ్వు ఏడుస్తావని కలుస్తారు, నీ విమానం ఎగరగానే విడిపోతారు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి వెళ్లి ముందు సమాధానపడమన్న వాక్యం ఉంది కదా అంటావేమో. ఆ వాక్యం తగువున్న మనిషికి. నీకు పిన్నితో తగువు లేదు.

చేయగలిగింది ఒకటుంది. నువ్వు లేని రెండేళ్లూ అమ్మకి బీపీ మాత్రలు ఎవరు తేవాలి, రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే ఎవరిని పిలవాలి? ఈ మాట ఇద్దరి ఎదుటా ఒకసారి పైకి అను. జవాబు నువ్వే చెప్పేయకు. పిన్ని ఉండేది పక్క వీధిలోనే. ఏం చేయాలో వాళ్లకి తోస్తుంది, తోచకపోతే సంఘంలో వేరే మనిషిని చూసుకో.

పిన్ని దగ్గర నేర్చుకోవాల్సింది బ్యాగు కుట్టు ఒక్కటే కాదు. కాగితాలు సర్దడం, ఆవకాయ సీసా కారకుండా చుట్టడం ఎవరైనా చెబుతారు. పరాయి వంటింట్లో నిలబడి, భాష రాకుండా, వాళ్ల రుచులు నేర్చుకుంటూ, చిన్నచూపు చూసినా మొహం మాడ్చకుండా ఏళ్ల తరబడి ఎలా నెగ్గుకొచ్చిందో అడుగు. మొదటి నెల ఎలా గడిచింది? పండక్కి ఏం చేసేది? సెలవు దొరికిన శుక్రవారం ఆరాధనకి ఎవరితో వెళ్లేది? కువైట్‌లో మనవాళ్ల ఆరాధన ఎక్కువగా శుక్రవారమే కదా. ఇంటావిడ పిల్లలకి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని ప్రార్థన చేసుకునేదని రాశావు. ఆ ప్రార్థనల గురించి ఏ ప్రార్థనా లేఖలోనూ రాలేదు.

నాకు కాస్త మండుతుంది, చెప్పేస్తాను. రెండేళ్లు ఆఫ్రికా వెళ్తే దండలు, కూడిక, స్తుతి పాటలు. ఏళ్లకేళ్లు కువైట్ వెళ్లిన ఆడదాని గురించి వీధి చివర గుసగుసలు. పిన్ని బయల్దేరిన రోజున మీ సంఘంలో ఎవరైనా ఆవిడ కోసం ప్రార్థన చేశారా? తెలుగువాళ్ల సువార్త సముద్రం దాటిన తీరు చూస్తే, కూలీలు ముందు వెళ్లారు, అయ్యగార్లు తర్వాత వెళ్లారు. కాకినాడ, కోరంగి రేవుల నుంచి మనవాళ్లు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లింది బతుకుతెరువుకి. దక్షిణాఫ్రికాలోని నాటాల్ తోటల్లో పనికెళ్లిన తెలుగు కూలీల కోసమే నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య గారు 1903లో మిషనరీగా బయల్దేరారు, తెలుగు బాప్టిస్టులు తమ చందాలతో పంపిన మనిషి. నీ సాగనంపు కూడికలో ఎవరిచేతనైనా రెండు మాటలు చెప్పించాలనుకుంటే పిన్నిని అడుగు. వద్దంటే వదిలెయ్.

రాజుగారి లక్ష. మీ పెద్దలు ముట్టుకోవద్దన్నారు. క్రిస్మస్ పందిరికీ, మైకుసెట్టుకీ ఊరి పెద్దల దగ్గర చందా పుచ్చుకునేటప్పుడు ఈ పట్టుదల కనబడుతుందా అని అడగబుద్ధేస్తోంది గానీ, నువ్వు అడగకు, గొడవవుతుంది. యెరూషలేములో మందిరం తిరిగి కట్టించడానికి ఆజ్ఞ ఇచ్చింది పారసీక రాజు కోరెషు. ఇచ్చేవాడిది ఏ మతమన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ఆయన దేనికి ఇస్తున్నానని అనుకుంటున్నారన్నదే ప్రశ్న. నువ్వు ఆస్పత్రి సేవకి వెళ్తున్నావని మాత్రమే ఆయనకి తెలిస్తే, పంపేది క్రైస్తవ మిషన్ అని, వీలైన చోట నీ విశ్వాసం గురించీ మాట్లాడతావని ఆయన మొహం మీద చెప్పు. విన్నాక కూడా ఇస్తానంటే తీసుకో. మందులకి వాడమంటే మందులకే వాడు, నీ టికెట్‌కి కాదు. డబ్బు నీ అకౌంట్‌లో పడకూడదు. నువ్వింకా అదే ఆస్పత్రిలో పనిచేస్తున్నావు, పేషెంటు ఇంటివాళ్ల దగ్గర నర్సు డబ్బు తీసుకుందన్న మాట ఒక్కటి చాలు నీ ఉద్యోగానికి. సంస్థ ఖాతాకే పంపమను, రసీదు ఇప్పించు, ఖర్చయ్యాక లెక్క రాసి పంపు.

ఇదంతా చాదస్తం కాదు. కాకినాడలో తెలుగు క్రైస్తవుడు థామస్ గాబ్రియేల్ టెలిగ్రాఫ్ ఉద్యోగం వదిలేసి తన పూచీ మీద పరిచర్య మొదలుపెట్టాడు. మనిషిలో లోపం లేదు, డబ్బు దగ్గరే నిలదొక్కుకోలేక సాయం కోసం అర్థించాల్సి వచ్చింది. కెనడావాళ్లు రావడానికి అదే కారణమైంది, అది వేరే సంగతి.

రాజుగారు ఇంకోటి కూడా అన్నారని రాశావు: అక్కడ రొయ్యల మేత వ్యాపారానికి వీలుందేమో చూసి చెప్పమ్మా అని. మలావీకి సముద్రమే లేదని ముందు ఆయనకి చెప్పెయ్. సరస్సు ఉంది, చాంబో అని మంచి చేప ఉంది, దాన్ని పెంచేవాళ్లూ ఉన్నారు. ఇరుగుపొరుగుగా అంతవరకు చెప్పు. అంతకుమించి ఆయన తరఫున ఎవరినీ కలవకు, ఎవరి నంబరూ ఇవ్వకు. నీకు పర్మిట్ ఇచ్చేది ఆస్పత్రిలో పనిచేయడానికి. లక్ష ఇచ్చిన మనిషికి కాదని చెప్పడం కష్టమే, అందుకే ఆ లక్ష అందకముందే చెప్పు. అప్పుడు మొహం చిన్నబుచ్చుకుంటే ఆ డబ్బు నీకొద్దు.

ప్రార్థనా లేఖ. "అన్యుడైన ఒక ధనవంతుడి హృదయాన్ని దేవుడు కదిలించాడు" లాంటి వాక్యాలు వాళ్లు అడుగుతారు, చదివేవాళ్లకి కళ్లు చెమర్చేలా. భీమవరం పెద్ద ఊరేం కాదు. ఆ లేఖ వాట్సాప్‌లో తిరిగి తిరిగి వారంలో రాజుగారి ఫోన్‌కే చేరుతుంది. ఆయన్ని నువ్వు ఎదురుగా ఏమని పిలుస్తావో లేఖలోనూ అలాగే రాయి, అదీ ఆయన సరేనన్నాకే. పిన్ని, అమ్మల తగువు అసలు రాయొద్దు. మలావీ అబ్బాయి మాట రాయాలనిపిస్తే అతన్ని అడిగి, ఒక్క అక్షరం మార్చకుండా రాయి. సంస్థవాళ్లు వద్దంటే ఎందుకు వద్దంటున్నారో తెలుసుకో, వాళ్ల గురించి నీకు చాలా అర్థమవుతుంది.

కాగితాల పని చాలావరకు నీకు తెలిసే ఉంటుంది. టూరిస్టు వీసా మీద వచ్చేయ్, అక్కడ చూసుకుందాం అంటే ఒప్పుకోకు. మలావీ నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, ఉద్యోగ పర్మిట్ ఎవరు చేయిస్తారో రాతలో ఉండాలి. ఇక్కడి కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ ఇప్పుడే మొదలుపెట్టు. మలేరియా మనకి కొత్తా అనుకోకు, అక్కడిది ప్రాణాల మీదికి తెచ్చే రకం, నివారణ మాత్రల గురించి డాక్టర్‌తో మాట్లాడు. విమానం ఆడిస్ అబాబాలోనో నైరోబీలోనో మారేటట్టయితే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో, కనీసం పది రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే. జబ్బు చేస్తే వెనక్కి తీసుకొచ్చే ఖర్చు ఎవరిదో అడగడానికి మొహమాటపడకు.

నీ ఉత్తరంలో నాకు కనపడనిది ఒక్కటే. నువ్వు వెళ్లే ఆస్పత్రి నుంచి నీకు నేరుగా ఒక్క మాట కూడా వచ్చినట్టు లేదు. అంతా సంస్థ చెప్పిందే. ఈ వారమే ఆ ఆస్పత్రి మేట్రన్‌కి మెయిల్ రాయి. నన్ను మీరు అడిగారా, సంస్థ పంపిస్తోందా? ఏ వార్డుకి? అక్కడి నర్సు చేసే పనే నేనూ చేస్తానా, లేక ఆమె మీద అధికారిగా వస్తానా? రెండేళ్ల తర్వాత ఆ పని ఎవరు చూస్తారు? సరైన జవాబు వస్తే టికెట్ కొనుక్కో. రాకపోతే ఆగు. ఆగితే రాజుగారి డబ్బు రాజుగారికి తిప్పి పంపించు, మిగతా ఇద్దరికీ తిరిగిచ్చేదేమీ లేదు.

పంపేముందు ఆ మెయిల్ మలావీ తమ్ముడితో ఒకసారి చదివించు. వాళ్ల దగ్గర క్షేమసమాచారాలు అడక్కుండా పనిలోకి దిగడం మర్యాద కాదు, మన హడావిడిలో ఆ మొదటి నాలుగు వాక్యాలే ఎగిరిపోతాయి.